ఉద్దేశపూర్వక ఘనీభవనం

కొత్తగా పెళ్లయిన వాళ్లు దేని గురించి పోట్లాడుకుంటారో ఎవరూ చెప్పలేరు. కమలినీ ఫణీంద్రా మాత్రం ఐసుముక్కకు బొక్క ఉండాలా వద్దా అని పోట్లాడుకున్నారు.

కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక షాపు అద్దాల వెనక ఆ మిషన్లు కనపడిన రోజు నుంచీ ఇదే గొడవ. మిక్సీ కంటే కాస్త లావుగా, రైస్ కుక్కర్ కంటే కాస్త పొడుగ్గా, వంటింటి గట్టు మీద బుద్ధిగా కూర్చునే బుజ్జి ఐసు మిషన్లు. నీళ్లు పోసి మీట నొక్కితే చాలు, కాఫీ తాగి గ్లాసు కడిగేలోపు బుట్టలో టపటపమని ముక్కలు రాలతాయి. ఒక రకం మిషను వేలెడంత ముక్కలిస్తుంది, ముక్క నడుమ బొక్క ఉంటుంది. ఇంకో రకం పటికబెల్లం పలుకుల్లాంటివి ఇస్తుంది, కరకరా నమలొచ్చు. కమలిని బొక్క ముక్క వైపు. గాజు గ్లాసులో వేస్తే అది చేతి గాజుల్లా చప్పుడు చేస్తుందని షాపులోనే విని వచ్చింది. ఫణీంద్ర పలుకుల వైపు.

"మీరు ఐసు నమిలితే నా పళ్లు జివ్వుమంటాయండీ."

"నమిలేది నా పళ్లతో కదా?"

"చూసేది నా కళ్లతో కదా మరి."

ఫ్రిజ్జులో ఐసు ట్రే లేదా అంటే, ఉంది. రోకలితో మోదితే తప్ప ముక్క వదలదు, వదిలిన ముక్క కొత్తిమీర వాసనేస్తుంది. అయినా అసలు తొందర ఐసుది కాదు, ఆషాఢానిది. కొత్త కోడలు ఆషాఢ మాసం పుట్టింట్లో ఉండాలి, అల్లుడు ఆ గడప తొక్కకూడదు. పెద్దాపురం నుంచి కమలిని తల్లి రాజ్యం ఇప్పటికే ఫోను చేసి, అమావాస్యకు ముందే వచ్చి పిల్లని తీసుకెళతానని చెప్పేసింది. జూన్ నడుస్తోంది. ఉక్క చెప్పనలవి కాకుండా ఉంది. విడిపోయేలోపు రోజూ సాయంత్రం బాల్కనీలో చెరో కుర్చీ వేసుకుని, ఐసు గలగలలాడే సుగంధి షర్బత్తు తాగాలని, నెల రోజులకు సరిపడా కబుర్లు ముందే చెప్పేసుకోవాలని కమలిని కోరిక. ఆమె జీవితాశయాలు అప్పటికి అంతే, ఆ రెండు గ్లాసులంత.

ఇంకొకడయితే మర్నాడే వెళ్లి మిషను కొనుక్కొచ్చేవాడు. ఫణీంద్ర ఇంకొకడు కాదు. తీరప్రాంత హిమోత్పాదక సంస్థలో లెక్కల విభాగంలో ఉద్యోగి. చేపల పడవలకు ఐసు దిమ్మలు పోసి అమ్మే సంస్థ అది. ఉండేది దాని క్వార్టర్సులో. పైగా చేరిన కొత్తలోనే సంస్థ నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా చదివినవాడు. అలా చదివిన ఉద్యోగి సంస్థ చరిత్రలోనే అతనొక్కడు.

"క్వార్టర్సులో ఉద్యోగి గానీ కుటుంబ సభ్యులు గానీ ఐసు ఉత్పత్తి చెయ్యకూడదని ఒక రూలుంది కమలా. ఒక్క మాట అడిగేస్తే మనకి పూచీ ఉండదు."

"బీరువా కొన్నప్పుడు అడిగారా?"

"బీరువాలో ఐసు రాదు కదా."

కొరివితో తల గోక్కోవడం అంటారే, అది కొందరు దువ్వెనతో గోక్కున్నంత శ్రద్ధగా చేస్తారు.

*

ఎస్టేట్ ఆఫీసరు గున్నేశ్వరరావు గారు మామూలుగా మాట్లాడరు, ఎవరో రాసుకుంటున్నట్టుగా ఆగి ఆగి చెబుతారు. ఆయన దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు.

"విషయాన్ని రెండు భాగాలుగా పరిశీలిద్దాం. మీ ఇంట్లో ఫ్రిజ్జు ఉంది. అందులో ఐసు అవుతుంది. అవునా?"

"అవుతుందండీ," అన్నాడు ఫణీంద్ర నేరం ఒప్పుకున్నట్టు.

"దాన్ని సంస్థ యాదృచ్ఛిక ఘనీభవనం అంటుంది. కూరగాయల కోసం కొన్న పెట్టెలో నీళ్లు తమంతట తాము గడ్డకట్టాయి. ఎవరి తప్పూ లేదు. కానీ మీరు కొనబోయే యంత్రానికి ఐసు చెయ్యడం తప్ప మరో ఉద్దేశం లేదు. కావున అది ఉద్దేశపూర్వక ఘనీభవనం."

కమలినికి చప్పట్లు కొట్టాలనిపించింది. చదువుకున్న పిల్ల కాబట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని, "అయితే కొనొద్దంటారా అండీ?" అంది.

"అలా ఎందుకంటామమ్మా? ఐసును మేమే అడ్డుకుంటే ఐసు ఎవరికి చెప్పుకుంటుంది? ప్రహరీ లోపల ఎక్కడ ఐసు పుట్టినా అది సంస్థ ఐసే. తదనుగుణంగా మీ వంటింట్లో పుట్టబోయేదీ మా ఐసే. మిషను మీరు కొనుక్కోండి. ఏది కొనాలో మేము ఎంపిక చేస్తాం. కమిటీ వేస్తున్నాను."

"రెండే రకాలున్నాయండి. ఒకటి బొక్కది, ఒకటి పలుకులది. అంతేనండి," అంది కమలిని.

గున్నేశ్వరరావు గారు ఆమె వైపు జాలిగా చూశారు. "రెండున్నాయి కాబట్టే కదమ్మా కమిటీ? ఒక్కటే ఉంటే నేను చాలనూ?"

*

కమిటీ అంటే గున్నేశ్వరరావు గారు, ప్లాంటు ఇంజినీరు రామభద్రం గారు. ఇద్దరూ నమూనాల కోసం షాపుకు వెళ్లి, రెండు రకాల ఐసునూ చెరో స్టీలు క్యారేజీలో పోయించుకుని, దారిలో బ్యాంకు పనీ, కూరగాయల పనీ చూసుకుని, కమలిని ఇంటికొచ్చారు. మూత తీశారు. రెండింట్లోనూ నీళ్లున్నాయి.

రామభద్రం గారు ఒక్కో క్యారేజీ నుంచీ ఒక గుక్క తాగారు. "మొదటి నమూనా సంతృప్తికరం. రెండో నమూనా కూడా సంతృప్తికరం. అయితే వీటి మధ్య వ్యత్యాసం స్పష్టంగా లేదు."

"కరిగిపోయాయి కదండీ," అంది కమలిని.

"అది నిర్ధారించాలి."

పాపం షాపు కుర్రాణ్ణి బతిమాలి, కమలినే మళ్లీ తాజా ముక్కలు ఫ్లాస్కులో పట్టుకొచ్చింది. రామభద్రం గారి ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా మనిషంత ఐసు దిమ్మల మధ్య గడిచింది. దిమ్మని కొక్కెంతో లాగాలి, రంపపు పొట్టులో పొర్లించాలి, లారీ ఎక్కించాలి. ఐసు గురించి ఆయనకు తెలిసిన లోకం అది. ఆయన ఆ పలుకుల్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఐసు కాదమ్మా."

"మరేంటండీ?"

"లారీ మీంచి దిమ్మ జారి పడితే రోడ్డు మీద మిగిలేది ఇదే. దీన్ని మేము నష్టం కింద రాస్తాం. నష్టాన్నే తయారుచేసే యంత్రాన్ని సంస్థ ఎలా ఆమోదిస్తుంది?"

ఫణీంద్ర ముఖం చిన్నబోయింది. కమలిని మజ్జిగ గ్లాసులు అందిస్తూ నవ్వు ఆపుకుంది. కానీ వెంటనే ఆయన చెయ్యి బొక్క ముక్క మీద పడింది.

"ఇది బోలుగా ఉంది. బోలు దిమ్మ తూకానికి నిలవదు. ఇదీ తిరస్కరించాలి."

"ఒక్క నిమిషం," అన్నారు గున్నేశ్వరరావు గారు. ఆయన ముక్కని పైకెత్తి, బొక్కలోంచి కిటికీ వైపు చూశారు. "రామభద్రం గారూ, దిమ్మని కొక్కెంతో ఎత్తాలని నిబంధన. దీనికి కొక్కెం ఎక్కడ తగిలిస్తారు?"

ఇంజినీరు గారి కళ్లు మెరిశాయి. "బొక్కలో."

"అంటే తయారీదారుడు మన నిబంధనల్ని దృష్టిలో పెట్టుకునే దీన్ని రూపొందించాడన్నమాట."

అలా బొక్క ముక్క నెగ్గింది. ఆ రాత్రి కమలిని గెలిచినందుకు గంతులేసింది. సాంకేతిక కారణాల వల్ల ఓడిపోయాను తప్ప వాదనలో కాదన్నాడు ఫణీంద్ర.

*

మిషను ఇంటికొచ్చిన పూటే అసలు సంగతి బయటపడింది. సంస్థ ఐసు, సంస్థ కేంద్రంలోనే తయారవ్వాలి. వంటిల్లు కేంద్రం కాదు. కాబట్టి వంటింటిని కేంద్రం చెయ్యాలి. ఒక్క వంటింటినే కేంద్రం చేస్తే, కేంద్రంలోకి వెళ్లడానికి హాల్లోంచి నడవాలి, హాలు ప్రైవేటు స్థలం. కాబట్టి హాలూ కేంద్రమే. ఇలా ఒక్కో గదీ కలుపుకుంటూ పోతే చివరికి మిగిలింది బాల్కనీ. అక్కడ కుర్చీలున్నాయి కనుక దాన్ని సందర్శకుల విభాగం చేశారు. గుమ్మం పక్కన నీలం బోర్డు మేకు కొట్టారు: గృహ హిమ ఉపకేంద్రం.

ఉపకేంద్రం అన్నాక నిర్వాహకుడుండాలి. ఫణీంద్ర పనికిరాడు. ఉత్పత్తీ లెక్కలూ ఒక్క చేతిలో ఉండకూడదని సంస్థ సంప్రదాయం. అందుకని కమలినిని గౌరవ నిర్వాహకురాలిగా నియమించారు. నియామకపు కాగితం ఆమె చేతికిచ్చినప్పుడు కమలినికి మొదట నవ్వొచ్చింది, తర్వాత కాస్త గర్వం కూడా వచ్చింది. పెళ్లయిన రెండో నెలకే ఉద్యోగం. పెద్దాపురంలో ఎవరికైనా చెప్పాలనిపించింది, ఏం ఉద్యోగమంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది.

ప్రారంభోత్సవానికి ఎండీ గారే వచ్చారు. వర్క్‌షాపులో ప్రత్యేకంగా చేయించిన కొక్కెం తెచ్చారు, పిన్నీసంత ఉంది. ఒక బస్తా రంపపు పొట్టు తెచ్చి స్టవ్ పక్కన నిలబెట్టారు. ఎండీ గారు మీట నొక్కి, వెనక్కి తిరిగి ప్రసంగించారు.

"పెద్ద దిమ్మల నుంచి చిన్న ముక్కల వైపు ఇది ఒక మహా ప్రస్థానం. సముద్రమంత మన సంకల్పం ఈనాడు వంటింటి గట్టు ఎక్కింది."

ప్రసంగం ముగిసేలోపు బుట్ట నిండింది, నిండినంతా కరిగింది, కరిగిన నీళ్లు మళ్లీ లోపలికి పోయి గడ్డకట్టాయి. ఆ మిషను పద్ధతే అంత. బుట్టలో చలి నిలవదు, కరిగిందాన్ని తనే తాగి తనే మళ్లీ చేస్తుంది. ప్రసంగాలకు ఇంత తగిన యంత్రం ఇంకోటి లేదని కమలిని మనసులో అనుకుంది. రామభద్రం గారు కొక్కెంతో ఒక ముక్కని ఎత్తి, పొట్టులో పొర్లించి, ఎండీ గారి షర్బత్తులో వేశారు. ఎండీ గారు గ్లాసు వైపు చూసి, ఫోటోకి మాత్రం పట్టుకుని, కింద పెట్టారు.

మర్నాటి నుంచి తనిఖీలు. ఉత్పత్తి జరిగే వేళే తనిఖీ జరగాలి, కమలిని ఐసు చేసేది సాయంత్రం, కాబట్టి తనిఖీలూ సాయంత్రమే. ఒకరోజు నాణ్యత విభాగం, ఒకరోజు రవాణా, ఒకరోజు భద్రత. వచ్చినవాళ్లు సందర్శకుల విభాగంలో, అంటే బాల్కనీలో, చెరో కుర్చీలో కూర్చుని గాలి పీల్చుకుంటూ ఐసు నాణ్యతను పరీక్షించేవాళ్లు. పరీక్షకు నిమ్మకాయ షర్బత్తు అవసరమయ్యేది. ఒక్కోసారి జంతికలు కూడా.

"ఆ మూడో గ్లాసు ఎవరికండీ?" అని కమలిని ఒకసారి అడిగింది. వచ్చినవాళ్లు ఇద్దరే.

"పునఃపరీక్షకమ్మా," అన్నారు రవాణా ఆయన, ముక్కలు గలగలలాడిస్తూ.

ఒక ముక్క తీసి నోట్లో వేసుకుందామని కమలిని చెయ్యి చాచిందో లేదో, గున్నేశ్వరరావు గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"నిర్వాహకురాలు స్వీయ ఉత్పత్తిని వినియోగించరాదమ్మా. కావాలంటే లిఖితపూర్వకంగా కోరండి, మంజూరు చేస్తాం. మాకేం అభ్యంతరం లేదు."

కోరారు. కాగితం పైమెట్టుకెక్కి, దిగి, సంతకంతో వచ్చింది. పక్కనే పెట్టి ఉంచిన రెండు గ్లాసుల ఐసు అప్పటికి గోరువెచ్చగా ఉంది. కాగితం మీద మాత్రం అన్నీ సవ్యంగానే ఉన్నాయి: ఐసు జారీ చేయడమైనది, రూపం: ద్రవం.

ఆ సాయంత్రం వంటింట్లో పొట్టు బస్తాకి ఆనుకుని ఇద్దరూ నిలబడ్డారు. బాల్కనీలోంచి భద్రతా విభాగం వారి నవ్వులు వినపడుతున్నాయి.

"ఎల్లుండి అమ్మ వస్తుందండీ," అంది కమలిని. గొంతులో ఎప్పుడూ ఉండే తుళ్లింత లేదు. "ఒక్క సాయంత్రం కూర్చోలేదు మనం. నెల్లాళ్లు వెళ్లిపోతాను. కబుర్లన్నీ అలాగే ఉండిపోయాయి."

ఫణీంద్ర నేల చూశాడు. "నేను అడక్కుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది," అంది కమలిని. అని, అతని చొక్కాకి అంటిన పొట్టు దులిపింది.

*

రాజ్యం మధ్యాహ్నం బస్సులో దిగింది. చేతిలో సంచీ నిండా గోరింటాకు. గుమ్మం పక్కన బోర్డు చదివి, ఇల్లు తప్పానేమోనని మెట్లు దిగబోతుంటే కమలిని పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. సంగతంతా విని, బస్తా చూసి, కొక్కెం చూసి, రాజ్యం పెట్టె కిందికి దించింది. పిల్ల చీరలు పెట్టెలో సర్దడం మొదలెట్టింది.

పెట్టె మూత పడకముందే గున్నేశ్వరరావు గారు వచ్చారు.

"నిర్వాహకురాలు ప్రయాణానికి సిద్ధమవుతున్నట్టు సమాచారం అందింది."

"మా అమ్మాయండి అన్నయ్యగారూ," అంది రాజ్యం. "ఆషాఢానికి తీసికెళ్తన్నాను."

"వీల్లేదు చెల్లెమ్మా. వేట నిషేధం ఎత్తేశారు. పడవలన్నీ సముద్రంలోకి దిగాయి. ఈ కాలంలో ఐసు అత్యవసరం. ఉపకేంద్రాల నిర్వాహకులందరికీ సెలవులు రద్దు. ఊరు విడిచి వెళ్లరాదు."

కమలిని చేతిలో మడత పెడుతున్న చీర అలాగే ఆగిపోయింది. ఫణీంద్ర వైపు చూడటానికి ధైర్యం చాలలేదు, చూస్తే ఇద్దరూ నవ్వేస్తారు.

"పడవలకి మా పిల్ల చేసే ఐసు ఏం సరిపోద్దండి? అది రెండు గ్లాసులకి సరిపోదు."

"పరిమాణం ముఖ్యం కాదమ్మా. హోదా ముఖ్యం."

"ఆషాఢమండీ బాబూ," రాజ్యం గొంతు పెంచింది. "కొత్త దంపతులు ఒక ఇంట్లో ఉండకూడదు. మీ ఇంట్లో ఆడాళ్లనడగండి పోనీ."

"ఆషాఢం సెలవుల్లో లేదు."

"సెలవుల్లో లేకపోతే పంచాంగంలో ఉంది కదా."

సంస్థ ఇంతవరకు పంచాంగాన్ని ఎదుర్కోలేదు. గున్నేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి, నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, విషయాన్ని రెండు భాగాలుగా పరిశీలిద్దాం. కొత్త దంపతులు ఒక ఇంట్లో ఉండకూడదని ఆచారం. సంస్థ ఆచారాలను గౌరవిస్తుంది. కానీ ఇది ఇల్లెక్కడ? ఉపకేంద్రం. బోర్డు ఉంది, బస్తా ఉంది, కొక్కెం ఉంది. వీరు ఇక్కడ భార్యాభర్తలుగా ఉండటం లేదు. ఒకరు ఉత్పత్తి విభాగం, ఒకరు లెక్కల విభాగం. ఆషాఢం ఇళ్లకి గానీ ఆఫీసులకి వర్తించదు."

వంటింట్లో మిషను టపటపమంది. రాజ్యం ఆ మాటను వంకాయని తిప్పి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల ముఖం వైపు చూసింది. అల్లుడి ముఖం వైపు చూసింది. అల్లుడు గోడ మీద బల్లిని అమిత శ్రద్ధగా గమనిస్తున్నాడు. ముప్పై ఏళ్ల కిందట తనూ ఒక ఆషాఢం పుట్టింట్లో కిటికీ చువ్వలు లెక్కపెట్టిన మనిషే.

"ఇది ఆఫీసే అంటారు," అంది.

"ముమ్మాటికీ."

"మీ మాట మీద ఒప్పుకుంటున్నానన్నయ్యగారూ. రేపు మా వియ్యపురాలు అడిగితే మీ పేరే చెప్తాను. ఆఫీసయితే మరి ఎన్నింటికి మూస్తారు?"

గున్నేశ్వరరావు గారు తడబడ్డారు. "ఆఫీసా? అయిదింటికి."

"అయిదు దాటాక ఆఫీసులోకి బయటోళ్లు రావచ్చాండి?"

"రాకూడదు."

"తనిఖీకో?"

"పని వేళల్లోనే... " అని ఆయన ఆగిపోయారు. తను చెప్పిన మాట తన చుట్టూ తిరిగి వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో ఆయనకు అదే మొదటిసారి. బాల్కనీ వైపు, ఆ రెండు కుర్చీల వైపు, దిగులుగా చూశారు.

"ఇంకోటండి. మూసేటప్పటికి బుట్టలో మిగిలిన ఐసు ఏం చేస్తారు?"

"ఏం చేస్తామమ్మా, తెల్లారేసరికి ఉండదు. రాత్రి కరుగుదల కింద వదిలేస్తాం. దానికి లెక్క అడగరు."

"ఎక్కడ కరిగిందని?"

"ఎక్కడ కరిగితేనేం," అన్నారు గున్నేశ్వరరావు గారు, ఓడిపోయినవాడి పెద్దమనిషితనంతో.

ఆయన వెళ్లాక రాజ్యం పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టేసింది. "తీసికెళ్లడం ఎలాగూ అవలేదు. ఇంత దూరం మోసుకొచ్చాను, ఇదన్నా పెట్టించుకో," అని గోరింటాకు నూరి, పిల్ల రెండు చేతులకూ చందమామలూ చుక్కలూ పెట్టి, వేళ్లకి టోపీలు పెట్టింది. పెడుతున్నంతసేపూ తనకి పిల్ల మీద బెంగగానే ఉంది. అది ముక్కు ఎగబీల్చడంలో తెలిసింది.

"జాగ్రత్తగా ఉండండి అల్లుడుగారూ. ఆఫీసు కదా," అని, నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయింది.

అయిదయింది. ఫణీంద్ర లేచి వెళ్లి తలుపు గడియ వేశాడు. బాల్కనీలో కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్నాయి. సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. కమలిని చేతులు రెండూ గాల్లో పెట్టుకుని, ఏమీ ముట్టుకోకుండా, తిరనాళ్లలో బొమ్మలా కూర్చుంది. అతను బుట్ట మొత్తం రెండు గ్లాసుల్లోకి ఒంపాడు. సుగంధి పోశాడు. ముక్కలు గలగలమన్నాయి, ఆమె చేతి గాజులు మాత్రం కదల్లేదు.

"నేను పట్టుకోలేనండీ," అంది.

"తెలుసు," అని అతను గ్లాసు ఆమె పెదాల దాకా తెచ్చాడు. ఆమె ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. చలికి కళ్లు మూసుకుంది. తర్వాత మొదటి కబురు మొదలెట్టింది. ఐసు ఊసే లేని కబురు. ఎనిమిదో తరగతిలో సైకిలు నేర్చుకుంటూ ఎవరి పెరట్లోకి దూసుకుపోయిందో, అక్కడి నుంచి.

గ్లాసు ఖాళీ అయ్యేసరికి చీకటి పడింది. సంస్థ భాషలో దాన్ని తాగడం అనరు. రాత్రి కరుగుదల అంటారు.